పాటు వేళ పలకని ఫోను

మోకాళ్ల నొప్పులకు మందు రాయించుకుందామని మొన్న మా మెదక్ దవాఖానకు పోయి, చీటీ పట్టుకుని నా వంతు కోసం కూర్చున్నాను. గోడకు ఎత్తున బిగించిన టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది, దాని కింద ఎర్రటి పట్టీ మీద అక్షరాలు పరుగెత్తుతున్నాయి: బంగాళాఖాతంలో వాయుగుండం, తీరం వెంట ఈదురుగాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. నా పక్కన కౌడిపల్లి నుంచి వచ్చిన ఒక రైతు తువ్వాల ఒళ్లో పెట్టుకుని ఆ పట్టీని నాలాగే చదివి నిట్టూర్చాడు.

"తుఫాను గాడ సముద్రంల పుడ్తది గని, వాన మాత్రం వచ్చి మా వడ్ల మీద పడ్తదమ్మా. కోసినయి కోసినట్టే రోడ్డు మీద పోసి వచ్చిన" అన్నాడు.

వెంట వచ్చిన కోడలు "పోవద్దని గా చేపలోళ్లకు చెప్తున్నరు మామా, మనకు గాదు" అని నవ్వింది.

ఆ నవ్వులో తప్పేమీ లేదు. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊరిలో ఆ చివరి ముక్క ఎవరికి కావాలి? నాకు మాత్రం ఆ నాలుగు మాటలు చదివితే ఇప్పటికీ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు ఆ మాటలనే రోజూ నా నోటితో చెప్పేదాన్ని.

ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన నా ఈడు వాళ్లకు టెలిఫోన్ ఆపరేటర్ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. ఎదురుగా చిల్లుల బోర్డు, చేతిలో తీగలు, ఒక తీగ ఈ చిల్లులో ఇంకొకటి ఆ చిల్లులో గుచ్చితే ఎక్కడెక్కడి మనుషులో మాట్లాడుకునేవారు. మా అబ్బాకు మెదక్‌లో దర్జీ దుకాణం ఉండేది. ఆడపిల్లను చదివించడమే ఎక్కువ అనుకునే రోజుల్లో ఆయన నన్ను మెట్రిక్ దాకా చదివించి, ఆపరేటర్ పరీక్షకు తానే తీసుకుపోయాడు. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో సేమియా వండుకున్నాం గానీ, పోస్టింగ్ కోస్తాలో ఒక చిన్న రేవు పట్నానికి పడిందని తెలిశాక మా అమ్మీ ఆ సేమియా ముట్టలేదు. ఏడుపాయల దగ్గర మంజీర పొంగితేనే మమ్మల్ని ఆ దిక్కుకు పోనిచ్చేది కాదు, అటువంటిది సముద్రం పక్కన బిడ్డను ఎట్లా ఉంచుతుంది? చివరికి అబ్బానే వచ్చి, ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో నాకు గది కిరాయికి మాట్లాడి, రెండు రోజులుండి, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కాడు.

మా ఎక్స్‌ఛేంజ్ మేడ మీద ఉండేది, కిటికీలోంచి రేవు, దాని వెనక సముద్రం కనిపించేవి. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం చూస్తే, పొద్దున నిండుగా ఉన్న నీళ్లు లేవు, పడవలు బురదలో పక్కకు ఒరిగి పడుకున్నాయి. రేవు ఎండిపోయిందని నిజంగానే భయపడి టీచరమ్మతో చెప్పాను. ఆమె నవ్వాపుకోలేక, సాయంత్రం వరకు ఆగి చూడమంది. సాయంత్రానికి నీళ్లు ఏమీ ఎరగనట్టు తిరిగి వచ్చాయి. మంజీర వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో చిక్కిపోతుంది, నాకు తెలిసిన నీటి లెక్క అంతే. ఒకే రోజులో రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయే నీటిని నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పొద్దున, సాయంత్రం పెద్ద పట్నంలోని వాతావరణ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వార్త వచ్చేది: గాలి ఏ దిక్కు నుంచి, ఎంత జోరు, అలలు ఎట్లా ఉంటాయి, రేవులో ఏ జెండా ఎత్తాలి. దాన్ని రాసుకుని రేవు ఆఫీసుకూ, ఫోను ఉన్న జాలరి పల్లెలకూ తెలుగులో చెప్పడం మా పని. మాకు ఉత్తరంగా, ఒక ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పల్లె ఉండేది. అక్కడి ఫోను ఒక టీ బంకులో ఉండేది, ఆ బంకు ఒకావిడది. మొదటిసారి ఆమెకు వార్త చెప్పిన రోజు నాకు బాగా గుర్తు.

"సముద్రం మీదికి ఎవ్వలు పోవద్దని చెప్పుండ్రి. గాలి మస్తు వస్తదట" అన్నాను.

ఆమె వినేసి "ఏ ఊరమ్మాయ్ నీది? మాట తేడాగా ఉందే" అంది.

"మెదక్."

"అక్కడ సముద్రం ఎట్లా ఉంటది?"

"మా దిక్కు సముద్రం లేదమ్మా."

"సముద్రం లేని ఊర్నించి వచ్చి మాకు సముద్రం కబుర్లు చెబుతున్నావా తల్లీ?" అని పగలబడి నవ్వింది. బంకులో ఉన్న వాళ్లందరికీ ఆ మాట చెప్పి వాళ్లను కూడా నవ్వించింది. నాకు ముందు ఉడుకుమోత్తనం వచ్చింది గానీ, ఆ నవ్వులో వెక్కిరింత లేదని రెండో రోజుకే తెలిసిపోయింది. అమ్మా అనవద్దు, పిన్నీ అనమంది. అప్పటినుంచి ఆమె పిన్ని, సొంత పడవ ఉన్న ఆమె భర్త బాబాయి. అప్పటికి ఇద్దరినీ నేను చూడలేదు, గొంతులే తెలుసు.

వార్త చెప్పడం అయ్యాక లైను ఖాళీగా ఉంటే పిన్ని రెండు మాటలు మాట్లాడేది. నీళ్లు ఎక్కడాన్ని పోటు అంటారనీ, దిగిపోవడాన్ని పాటు అంటారనీ ఆమే చెప్పింది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ఇసుక మేట ఉంటుందనీ, పోటు మీద పడవ దాని పైనుంచి తేలిపోతుందనీ, పాటు మీద అక్కడే అలలు విరిగిపడతాయి కాబట్టి గాలి రోజున దాటకూడదనీ చెప్పింది. బదులుగా నేను మా ఖిల్లా గుట్ట సంగతీ, సీతాఫలాల సంగతీ చెప్పేదాన్ని. రంజాన్ నెలలో సాయంత్రం వార్త చెబుతుంటే "ఒక్కపొద్దు విడిచావా, లేదా? ముందు తిను, తరువాత చెబుదువుగాని" అనేది. ఒక్కోసారి ఆమె తమ్ముడు ఫోను ఎత్తేవాడు. దూరం ఎక్కువ కాబట్టి గట్టిగా అరవాలనుకునేవాడు కాబోలు, "అక్క నీళ్లకెళ్లిందండీ!" అని నా చెవి చిల్లు పడేలా అరిచి, నేను ఏమీ అనకముందే పెట్టేసేవాడు. అతడు వేరే వాళ్ల పడవ మీద వేటకు పోయేవాడు. ఆ ఏడు పెళ్లి చేయాలని పిన్ని సంబంధాలు చూస్తూ ఉండేది.

ఆ తుఫాను వచ్చిన ఏడాది, ముందు రోజు సాయంత్రం వార్తలో వాయుగుండం దూరంగా ఉందనే చెప్పారు. రాత్రికి రాత్రి అది బలపడి తీరం వైపు తిరిగింది. తెల్లవారాక వచ్చిన వార్తలో, వెంటనే ఒడ్డు చేరుకోవాలనీ, సాయంత్రం నుంచి గాలి బాగా పెరుగుతుందనీ ఉంది. నేను పల్లెకు కలిపేసరికి పిన్ని గొంతు మామూలుగానే ఉంది.

"ఎప్పుడో ఎల్లిపోయారమ్మా. చుక్క పొడిచినప్పుడే పోయారు. ఆకాశం చూసి వాళ్లే తిరిగొస్తార్లే" అంది.

నిజంగానే తిరిగి వచ్చారు. కానీ వచ్చేసరికి మధ్యాహ్నమైంది, నీళ్లు పాటు మీద ఉన్నాయి. ఈసారి ఫోను పిన్నే చేసింది. పడవలన్నీ మొగ బయట నిలిచిపోయాయనీ, ఇసుక మేట మీద అలలు తాటిచెట్టంత లేచి విరుగుతున్నాయనీ, ఒక పడవ తొందరపడి దాటబోయి బోల్తా కొట్టిందనీ చెప్పింది. అందులో ఎవరున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

"పోటు ఎక్కేసరికి పొద్దుగూకుద్ది. అప్పటిదాకా బయట ఆగితే ఆగొచ్చు. నీ కాగితంలో సాయంత్రం గాలి ఎట్లా ఉంటదని రాశారో ఇంకోసారి చూసి చెప్పు" అంది.

ఇంకోసారి చదివి చెప్పాను. ఆగితే గాలి మింగుతుంది, దాటితే మొగ మింగుతుంది. అప్పుడు నేను ఆమెను లైను మీదే ఉంచి, ఇంకో తీగ తీసి రేవు ఆఫీసుకు కలిపాను. మా రేవు మొగను ఓడల కోసం తవ్వి లోతు చేస్తారు కదా, అక్కడ పాటు మీద కూడా పడవలు రాగలవా అని అడిగాను. అక్కడి పెద్దాయన, తెరచాప పడవలకు లోతు చాలుతుందనీ, గాలి ఈశాన్యం నుంచి ఉంది కాబట్టి పల్లె నుంచి దక్షిణానికి గాలివాటున రావచ్చనీ, ఇప్పుడే దీపం వెలిగిస్తామనీ చెప్పాడు. ఆ మాట పిన్నికి చేర్చాను.

"రావొచ్చు. కానీ సముద్రం మీదున్నోళ్లకి ఎట్లా చెప్పేది? కేకేస్తే వినపడదే" అంది. ఆమె వెనక ఎవరో ఏడుస్తున్నారు. నాతో కాక తనలో తాను అనుకున్నట్టు, "మేం నడుస్తాం. మమ్మల్ని చూసి వస్తారు" అంది. ఫోను పెట్టిన చప్పుడు కాలేదు. ఎక్కడో పక్కన పడేసి పోయినట్టుంది, గాలి హోరు మాత్రం వినిపించింది. కాసేపటికి ఎవరో దాన్ని తీసి పెట్టేశారు.

తరువాత ఎన్నిసార్లు కలిపినా అవతల గంట మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. డ్యూటీ మారాల్సిన ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసినా నేను కుర్చీ దిగలేదు. పలకడం లేదంటే వాళ్లు నడుస్తున్నారని అర్థం, పలికితే వెనక్కి వచ్చారని అర్థం. నా ఉద్యోగమంతటిలో, అవతల ఎవరూ ఫోను ఎత్తకూడదని నేను అల్లాను వేడుకున్న రోజు అదొక్కటే.

పొద్దుగూకే ముందు రేవు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, తెరచాపలు కనిపిస్తున్నాయని. కొంగు తలకు చుట్టుకుని వానలోకి పరుగెత్తాను. ఇసుక తీరం వెంట ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకల్లో పిల్లలతో తల్లులు, ఊరికి ఊరే నడిచి వస్తోంది. ముందు నడుస్తున్న ఆవిడ చేతిలో పొడుగాటి గడకర్ర, దానికి కట్టిన ఎర్ర చీర. విరిగే అలలకు అవతల, వాళ్లతో సమానంగా, పడవలు గాలివాటున వస్తున్నాయి. ఎప్పుడూ మొగ దగ్గర నిలబడి ఎదురుచూసే తమ వాళ్లు ఆ చోటు వదిలి దక్షిణానికి కదలడం చూసి, మొగ దాటవద్దని పడవల మీది వాళ్లకు అర్థమైందట. ఒక్కొక్క పడవే దీపం గురిగా తిరిగి రేవులోకి వచ్చింది.

గడకర్ర పట్టుకున్న ఆవిడ దగ్గరకు పోయి, గొంతు వినపడాలని "పిన్నీ, నేను" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"మెదక్ అమ్మాయివా? ఇంత చిన్నపిల్లవా?" అంటూ తడి చేత్తో నా చెంప తాకింది.

అప్పుడే బాబాయి పడవ దిగి వచ్చాడు. ఆమె గడకర్రను ఇసుకలో గుచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, "తమ్ముడు మొగలో పోయాడయ్యా. నేను చూస్తానే ఉన్నా" అంది. అంతవరకూ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదని పక్కనున్న ఆడవాళ్లు చెప్పారు. బోల్తాపడిన పడవలోని మిగతావాళ్లు ఈదుకుని ఒడ్డు చేరారు, ఆ అబ్బాయి చేరలేదు. తమ్ముడు మునిగిన చోటును వెనక వదిలి, మిగిలిన వాళ్లను బతికించుకోవడానికి ఆమె అంత దూరం కర్ర దించకుండా నడిచింది. బాబాయి ఇసుకలో కూలబడ్డాడు. ఆమె ఆయన తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. నేను ఆమె తడిసిన కొంగు పట్టుకుని నిలబడ్డాను, అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

మర్నాటి పోటుకు ఆ అబ్బాయి ఒడ్డుకు వచ్చాడు.

తుఫానుకు స్తంభాలు పడిపోయి చాలా రోజులు లైన్లు లేవు. బాగుచేశాక ఆ పల్లె నుంచి మొదటి కాల్ వచ్చినప్పుడు వెంటనే తీగ గుచ్చాను. ఏమని పలకరించాలో అనుకుంటూ ఉండగానే, "అమ్మాయ్, గాలి ఎటునుంచంటా ఇవాళ?" అని అడిగింది పిన్ని. కాగితం చూసి చెప్పాను. ఆ తరువాత ఆమె మెల్లిగా, బంకు మళ్లీ తెరిచానని చెప్పింది.

అబ్బా ఆరోగ్యం బాగాలేక రెండేళ్ల తరువాత మెదక్ దిక్కు బదిలీ పెట్టుకున్నాను. వచ్చేముందు పల్లెకు పోతే, పిన్ని నాకు ఎండుచేపల మూట కట్టిచ్చి, "మీ అమ్మకు చెప్పు, సముద్రం నిన్నేం చేయలేదని" అంది. ఆ మాట చెబితే అమ్మీ మూటను ఒళ్లో పెట్టుకుని, ఎన్నడూ చూడని ఆ ఆవిడ కోసం దువా చేసింది. కొన్నేళ్లు పండుగలకు ఫోన్లలో మాట్లాడుకున్నాం. తరువాత బాబాయి పోయాడని తెలిసింది, ఇంకా తరువాత ఆ నంబరే లేదన్నారు. మేం ఎదుట కూర్చుని పనిచేసిన బోర్డులను కూడా యంత్రాలు వచ్చాక పీకేసి పాత ఇనుముకు అమ్మేశారు.

ఇప్పుడు అలల ఎత్తు, పోటు పాటుల వేళ, గాలి దిక్కు అన్నీ పడవలో కూర్చున్న మనిషి చేతి ఫోనులోకే వస్తాయట. అది చాలా మంచి సంగతి. ఆనాడు అట్లాంటిది ఉండి ఉంటే, గట్టిగా అరిచి ఫోను పెట్టేసే ఆ అబ్బాయి ఈనాడు మనవలను ఎత్తుకుని ఉండేవాడు, అందుకే ఆ రోజులే బాగుండేవని అనడానికి నాకు నోరు రాదు. పోయినదల్లా ఒక చిన్న సంగతి, అది నా వంటి వాళ్లకు తప్ప ఎవరికీ లోటు కాదు. ఇవాళ హెచ్చరిక లక్షలమందికి ఒక్క క్షణంలో పోతుంది, ఎవరు విన్నారో ఎవరు వినలేదో చెప్పిన వాళ్లకు తెలియదు. ఆ రోజుల్లో, అవతలి మనిషి "ఆఁ, విన్నానమ్మా" అనేదాకా నేను తీగ పీకేదాన్ని కాదు.