ఎవలకైనా తెలుస్తది

కోరుట్లలో చెప్పుల జిగురు చేసే చాచాను ఎవరు పొగిడినా, "గిదేముంది, ఎవలకైనా తెలుస్తది" అనేవాడు. నీళ్లలో నానినా ఊడకుండా జిగురును గట్టిపరిచే మందు కనిపెట్టడానికి ఆయనకు పన్నెండేళ్లు పట్టింది. దానికి పేటెంట్ అడిగితే, ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనని పేటెంట్ ఆఫీసు తోసేసింది; అప్పీలుకు వెళ్లాడు. విచారణ వీడియోలో, నేను పనిచేసే నెట్ సెంటర్‌లోనే జరిగింది.

"ఈ మందు కలపాలని మీకెలా తోచింది?" జడ్జిగారు మెచ్చుకోలుగా అడిగారు.

చాచా సిగ్గుపడ్డాడు. "గిదేముంది సార్, ఎవలకైనా తెలుస్తది."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. అప్పటికే అవతలి లాయరు ఆ మాట రాసుకుంటున్నాడు.

తీర్పు వచ్చాక, అందులో ఉన్న అదే మాటను చాచాకు చదివి వినిపించాను. అప్పీలు పోయింది. పక్క కుర్చీలవాళ్లు పకపకా నవ్వారు.

చాచా తన జిగురుతో అతికించి తెచ్చిన తోలుముక్కలను గుంజుతూ అడిగాడు: "మరి నాకే పన్నెండేండ్లు ఎందుకు పట్టింది బిడ్డా?"