పంటు దిగాక అడగాల్సిన ప్రశ్న

మేం కౌన్సెలర్లం నెలకోసారి కూర్చుని కేసులు చర్చించుకునేవాళ్లం. పుట్టింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు గోదావరి దాటే పంటు ఎక్కలేక ఏడ్చే, మాలో ఒకరి దగ్గరికొచ్చే ఒకావిడది నీళ్ల భయమని ఓసారి తేల్చాం: అది పోవాలంటే ఆవిడ ఒంటరిగా దాటాలి, దిగగానే భర్త మేం రాసిచ్చిన ప్రశ్న అడగాలి.

కొద్దిరోజులకి నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వస్తుంటే, పంటు మీద కమ్మీ పట్టుకుని ఒకావిడ వణుకుతోంది.

"నీళ్లంటే భయమాండీ?" అన్నాను.

"నీళ్లు కాదండి. అవతల మా ఆయనుంటారండి. కొడతారు."

"కౌన్సెలరు గారికి చెప్పలేదా?" అన్నాను, మేం చర్చించుకున్నది ఈవిడ గురించేనని తట్టి.

"ఎలా చెప్పనండి? మా ఆయన్ని పక్కనే కూర్చోబెడతారు కదండీ."

పంటు ఒడ్డుకి తగిలింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని దిగింది. రేవులో నిలబడ్డ మనిషి ఆవిడ భుజం మీద చెయ్యేసి, మేం రాసిచ్చిన మాటల్లోనే, మెత్తగా అడిగాడు.

"నువ్వు భయపడ్డట్టు ఏమైనా జరిగిందా?"

"లేదండి," అందావిడ, నా వైపు చూడకుండా.