కుంభాల అంచు సీట్లు

మా చిన్నప్పుడు... గద్వాలలో మా ఇంటి ముందర ఒక పాత తెల్ల కారు నెలరోజులు నాలుగు తలుపులూ తెరుచుకుని నిలబడింది. సీట్లు చిరిగి, లోపలి కొబ్బరి పీచు బయటికొచ్చి, పైకప్పు గుడ్డ వేలాడుతూ... వచ్చేపోయే వాళ్ళంతా ఆగి చూసి, మూతి విరిచి వెళ్ళేవాళ్ళు.

అది మా నాయన కారు.

అంతకుముందు నాయన చీరలు నేసేవాడు. పవర్‌లూమ్ చీరలొచ్చి పని పోయింది. మగ్గం అమ్మేసి, మగ్గం గుంట పూడ్చేసి, ఆ కారు తెచ్చాడు. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పుతానన్నాడు. "ఇన్నేండ్లు గుంటల కాళ్ళు పెట్టుకోని కూసున్న... ఇగ నాలుగూర్లు తిరుగుత" అని అమ్మతో అంటుంటే ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

లోపలంతా ఇంట్లోనే బాగుచేసుకుందామన్నాడు. గుడ్డ పని మనకంటే ఎవరికి తెలుసు అని ధీమా! పైకప్పు గుడ్డను, మగ్గం నూలుకు పట్టించే గంజితోనే అతికించాడు. రెండోరోజుకల్లా చీమలు బారులు కట్టాయి. అమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది. తర్వాత బజారు నుంచి డబ్బా బంక తెచ్చి మళ్ళీ అతికించారు. ఆ బంక వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నేను ఏడో తరగతి పిల్లనైపోతాను...

ఇక సీట్లు. అందరూ రెక్సిన్ వేయించుకుంటారు. మా నాయన మాత్రం ట్రంకుపెట్టె తెరిచి, తన మగ్గం మీద దిగిన ఆఖరి చీర తీశాడు. నూలు చీర, పట్టు అంచు. అంచు పొడుగునా గుడి గోపురాల్లాంటి కుంభాలు. మా వైపు ఏ ఊళ్ళోనైనా అమ్మవారికి పెట్టే చీరకు ఆ అంచే ఉండాలి. నూలిచ్చి నేయించుకునే షావుకారు కోసం కాదు, అమ్మ కోసం నేసిన చీర అది. అమ్మ ఒక్కసారి కూడా కట్టలేదు... మడత నలుగుతుందని.

"కోద్దమా?" అన్నాడు.

అమ్మ మడత విప్పి అంచు తడిమింది. "అంచు ఎనుక దిక్కు పెడ్దమయ్యా... కనపడకుంట" అంది.

"కనపడకపోతే కోసుడెందుకు? తలుపు తీయంగనే కనపడాలె. నేసెటోని బండి అని తెల్వాలె."

అమ్మే కోసింది. కత్తెర పెట్టేముందు చీరను కళ్ళకద్దుకుంది. అప్పుడైనా మాకు బుర్రకెక్కలేదు చూడండి!

వారం రోజులు కుట్టి తొడిగాక ఆ కారు లోపల ఎంత బాగుందో... నాయన మమ్మల్ని ఎవర్నీ కూర్చోనివ్వలేదు. "మొదాలు పెండ్లికొడుకే కూసోవాలె" అన్నాడు.

మొదటి కిరాయి అయిజలో పెళ్ళికి. ఏడ్చి మారాం చేసి నేనూ వెళ్ళాను. సీటు మాయకుండా ముందు సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోట కూర్చున్నాను.

పెళ్ళికొడుకు అవ్వ వచ్చి తలుపు తీసింది. తీసినామె తీసినట్టే ఆగిపోయింది. చెప్పులు విడిచింది. అంచును తాకి కళ్ళకద్దుకుని, రెండు చేతులెత్తి సీటుకు దండం పెట్టింది.

"ఇది అమ్మవారి అంచు గదా! దీని మీద కూసునుడా? పెండ్లి పూట పాపం మూటగట్టుకుంటమా?"

"ఏం గాదవ్వా... నేనే నేసిన" అన్నాడు నాయన.

"నేసినోనివి నువ్వే గిట్ల జేస్తే ఎట్ల బిడ్డా?"

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెళ్ళికొడుకు పక్కనున్న జీపెక్కి వెళ్ళిపోయాడు. మేము ఖాళీగా తిరిగొచ్చాం. సీట్లన్నీ ఖాళీగానే ఉన్నా, నేను కిందే కూర్చున్నాను.

ఆ మాట ఊరూరా పాకింది. తర్వాత వచ్చిన ఒకాయన, పైన దుప్పటి పరిస్తే కూర్చుంటామన్నాడు. "దుప్పటి కప్పనీకి నేసిన్నా?" అని నాయన ఆ కిరాయి కూడా పోగొట్టుకున్నాడు. అంత రోషం మాకెక్కడ అరిగేది చెప్పండి... ఆరు నెలలకు ఆయనే బ్లేడు పట్టుకుని కుట్లన్నీ విప్పాడు. రెక్సిన్ వేయించాడు. అప్పటికి ఊళ్ళోకి కొత్త వ్యాన్లు వచ్చేశాయి, మా పాత కారును పిలిచేవాళ్ళే లేరు. దాన్ని అమ్మేసి వనపర్తిలో ఒకరి దగ్గర డ్రైవరుగా చేరాడు. చివరిదాకా పరాయి కారే నడిపాడు.

విప్పిన గుడ్డ సీట్ల ఆకారంలో ముక్కలు ముక్కలుగా ఉండేది. "కట్టుకోనీకి రాదు, దేవునికి పెట్టనీకి రాదు" అంటూ అమ్మ మడిచి మళ్ళీ అదే పెట్టెలో పెట్టింది.

మొన్న మా కారుకు సీటు కవర్లు వేయిద్దామని వనపర్తిలో దుకాణానికి వెళ్ళాను. అతను ఒక రెక్సిన్ కవరు పరిచాడు. దాని మీద కుంభాల అంచు... అచ్చు వేసింది! "గిప్పుడు గిదే నడుస్తుంది అక్కా" అన్నాడు. మా చిన్నోడు బూట్లతోనే దాని మీదికెక్కి గెంతాడు. ఎవరూ వద్దనలేదు. నేనూ అనలేదు. నల్ల కవర్లు వేయించుకుని వచ్చేశాను. నాయన లేడు ఇది చూడటానికి. లేకపోవడమే మంచిదైంది.

ఇన్నేళ్ళూ ఆ అవ్వను తిట్టుకున్నాను, మా బతుకు మీద మన్ను పోసిందని. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది... మా నాయన నేతకు చెప్పులు విడిచి దండం పెట్టిన ఆఖరి మనిషి ఆమే.

మీ ఇండ్లలోనూ ఇట్లా ఎటూ కాకుండా మిగిలిపోయినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే వాటినేం చేశారో రాయండి... మా పెట్టెలో ఆ ముక్కలు ఇంకా అట్లాగే ఉన్నాయి.