పిండి పోసినంక కట్టె ముట్టొద్దు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, చదువుకున్నవాడికి చేతకాని పని ఉండదని నాకు గట్టి నమ్మకం. వంటయితే మరీను. అక్షరం ముక్క రాని మా అవ్వ రోజూ చేసే పనికి ఇంజనీరింగ్ చదివిన నేను భయపడటమేమిటి? (ఆ ధైర్యం ఎంతసేపు నిలిచిందో చెప్పడానికి నా కుడికాలి బొటనవేలి మీద చిన్న మచ్చ ఇప్పటికీ ఉంది.) కర్నూలులో ఒక గది, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీకి బస్సులో తిరిగేవాణ్ని. పొద్దున బండి దగ్గర ఉగ్గాని, మధ్యాహ్నం క్యాంటీను, రాత్రి పెరుగన్నం. ఇలా రోజులు గడుస్తుండగా, బద్వేలు దగ్గర మా పల్లె నుంచి అవ్వను కంటి ఆపరేషన్‌కని నా దగ్గరికి పంపారు.

ఆపరేషన్ బాగానే అయింది. చిక్కంతా ఆ తర్వాతే. వారం రోజులు చుక్కల మందు వేయాలి, పొయ్యి దరిదాపులకు పోకూడదు, వంగకూడదు, వారానికి మళ్లీ చూపించుకోవాలి అన్నారు డాక్టరు. అవ్వ నల్లద్దాలు పెట్టుకుని బుద్ధిగా తలూపింది గానీ, సంగటి ముద్ద లోపలికి పోనిదే ఆమెకు తిన్నట్టు కాదు. నేను తెచ్చిన హోటలు ఇడ్లీలను రెండు పూటలు వేళ్లతో నొక్కి చూసి పక్కన పెట్టింది. మూడో పూట తేల్చి చెప్పేసింది. "దూది మింగినట్లుండాది అబ్బీ. నాకీడ కుదర్దు. రేపు పొద్దున్నే బద్వేలు బస్సెక్కుతా." ఊరికి పోతే ఆమె మొదట చేసే పని కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదడం. రెండో కన్ను ఎప్పుడో పోయింది, మిగిలింది ఈ ఒక్కటే. నాకు నిజంగా భయమేసింది. "పోవద్దవ్వా, సంగటి నేను చేస్తా," అన్నాను. నల్లద్దాల కింద ఆమె బుగ్గలు కదిలాయి. నవ్విందనే అనుకుంటాను.

వంటగది గుమ్మానికి ఇవతల ఆమెకు కుర్చీ వేశాను. ఆమె చెప్పాలి, నేను చేయాలి, అదీ ఒప్పందం. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోయమంది. పోశాను. "పిండి పోసినంక కట్టె ముట్టొద్దు. మూత పెట్టి ఊరికే ఉండు. నీళ్లు పైకి పొంగి పిండి బాగా ఉడకల్ల," అంది. పోసిన పిండిని కలపకుండా వదిలేస్తే ఉండలు కట్టదా? నా చదువు ఒప్పుకోలేదు. మెల్లగా మూత తీసి అప్పడాల కర్రతో నాలుగు తిప్పులు తిప్పాను. (సంగటి కట్టె లేదు. పెళ్లికాని వాడి ఇంట్లో అప్పడాల కర్ర ఉండటమే గొప్ప.)

"అప్పుడే తిప్పుతాండావా?" అంది అవ్వ.

"లేదవ్వా."

"ఆపరేషన్ చేసింది నా కంటికిరా, చెవులకు గాదు."

కాసేపటికి సంగటి గట్టిపడి, కర్రతో పాటు గిన్నె కూడా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. "కింద పెట్టి, తడిగుడ్డేసి, రెండు కాళ్ల సందున గట్టిగా పట్టుకోని గెలుకు," అంది అవ్వ. మా పల్లెలో ఆడవాళ్లంతా అలాగే గెలుకుతారు. నేను గిన్నెను కింద పెట్టాను, కాళ్లతో పట్టుకున్నాను, తడిగుడ్డ మాత్రం మర్చిపోయాను. బొటనవేలు చుర్రుమనగానే అరిచి కాళ్లు విదిలించాను. గిన్నె నున్నటి టైల్స్ మీద జారుకుంటూ పోయి అవ్వ కుర్చీ కాలికి కొట్టుకుని ఆగింది. "ఏమప్పా, నువ్వు పెట్టేదాక ఉండలేక సంగటే నడిచొచ్చెనా?" అంది.

పక్కింటివాళ్లిచ్చిన గోగాకు పప్పుతో ముద్ద పెట్టాను. అవ్వ వేలితో నొక్కగానే లోపలి ఉండ పగిలి పొడిపిండి బయటపడింది. తను నోట్లో పెట్టుకుని నమిలినంతసేపూ నేను మనసులో బద్వేలు బస్సు టైమే చూసుకుంటున్నాను. చివరికి అంది: "పెండ్లయిన కొత్తలో నేను ఇట్లాంటిదే చేసినా. మా అత్త కొట్టంలో ఎనుముకు పెడితే అది గూడా మూతి తిప్పుకుండె."

"అయితే రేపు బస్సుకు పోతావా?"

"యాడి బస్సు! సంగటి గెలికేది గూడా రాని నీకు పిల్లనెవరిస్తారు? నీకు కుదిరినంక పోతా."

రోజూ నేను చెడగొట్టడం, ఆమె తిట్టడం, తిట్టిన నోటితోనే తినడం, మధ్యలో నేను చుక్కలు వేయడం. ఏడో రోజుకు కుదిరింది. ఆ రోజే డాక్టరు చూసి కన్ను బాగుందన్నారు. అవ్వ ముద్ద విరిచి, "శానా బాగుండాది," అని ఒక్కమాట అని, సంచి సర్దుకోవడానికి లేచింది. మొదటిసారే బాగా చేసి ఉంటే మర్నాడే పోయేదేమోనని నాకు అప్పుడు తట్టలేదు. ఆమె పోయాక చాలాసార్లు తట్టింది.

మొన్న కడపలో ఉద్యోగంలో చేరిన మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, గ్లాసు పిండికి నీళ్లెన్ని పోయాలి?" ఒక్క మాటలో చెప్పొచ్చు. నోటిదాకా వచ్చిన కొలతను మింగేసి, "అది ఫోన్లో చెప్తే వచ్చేది కాదమ్మా. ఆదివారం నేనే వస్తా," అన్నాను. నీళ్ల కొలత చెప్పడానికి కర్నూలు నుంచి బస్సెక్కుతావా అని అది పడీపడీ నవ్వింది. నవ్వనీ. సంచిలో సంగటి కట్టె పెట్టుకున్నాను, ఈసారి మర్చిపోకుండా గుడ్డ కూడా పెట్టుకున్నాను.