తలుపేసి మాట్లాడిన ఫోను

ఆ మధ్యాహ్నం మా మేనత్త అరుగు మీద ఉన్నవి: ఎండిన నెత్తళ్ల చేపల తట్టలు రెండు, నేను విప్పి పెట్టిన టేబుల్ ఫ్యాను, స్క్రూలు వేసిన స్టీలు గ్లాసు, అత్త ఫోను. ఉన్నవాళ్లు: అత్త, ఎదురింటి పెద్దమ్మ, వల బాగుచేసుకుంటున్న పక్కింటి మావ, నేను.

ఫోను మోగింది. అత్త దాన్ని తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది. అలా వెళ్లడం నేర్పింది నేనే.

అంతకుముందు మా వీధిలో ఫోనంటే స్పీకరే. విజయనగరంలో డిప్లొమా చదివిన మూడేళ్లూ నేను అత్తకి ఫోన్ చేస్తే అరుగంతా పలికేది.

"తిన్నావేటిరా?" అని ముందు పెద్దమ్మ.

"ఆడు తినకుండా ఉంటాడేటి! లెక్కల్లో మళ్లీ తప్పాడేమో అడగండి," అని మావ.

అత్త వంతు చివర్న వచ్చేది. హాస్టల్ గదిలో స్నేహితులు పడీపడీ నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడేళ్లలో అత్త చెప్పిన మాటలేవీ గుర్తు లేవు. వెనకాల కాకులు, చేపల ఆటో హారను, మావ దగ్గు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తాయి.

ఉద్యోగం వచ్చాక అత్తకి కొత్త ఫోను కొనిచ్చి, అట్టముక్క మీద మూడు నియమాలు రాసిచ్చాను. ఒకటి, స్పీకరు ఆపాలి. రెండు, లోపలికెళ్లాలి. మూడు, తలుపేసుకోవాలి.

"మరి ఈలకి ఇనపడద్దేటి?" అంది అత్త.

"వినపడకూడదనే అత్తా."

"సదువుకున్నోడివి. నువ్వు సెప్తే సరే."

మా వీధిలో పగటిపూట తలుపేసి ఉందంటే లోపల జ్వరమైనా ఉండాలి, చావు కబురైనా వచ్చుండాలి. పెద్దమ్మ రెండు నిమిషాలు ఓర్చుకుంది. తర్వాత వెళ్లి తలుపు బాదింది.

"ఒసే, జొరమేటే? ఎవులైనా పోయారేటి?"

"ఉండెహె, బేంకోలు!" లోపల్నుంచి అత్త.

"బేంకోలైతే తలుపెందుకే?" అంటూ పెద్దమ్మ ఒక్క తోపు తోసింది. వెనకే మావ, చేతిలో స్క్రూడ్రైవరుతో నేను.

అత్త ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర చూస్తోంది, ఒక అంకె చెబుతోంది, మళ్లీ చెవికి పెట్టుకుంటోంది. నేను ఫోను లాక్కుని కట్ చేశాను.

అవతలివాడు బ్యాంకు ఆఫీసర్నన్నాడట. మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పకపోతే సాయంత్రానికి ఖాతా ఆగిపోతుందన్నాడట. ఆ ఖాతాలో ఉన్నది పదిహేనేళ్లు ఎండుచేపలమ్మి దాచుకున్న డబ్బు. తుపానుకి రేకులెగిరిపోయిన ఇంటికి స్లాబు వేయించుకోవాలని.

"ఎవులూ ఇనకూడదన్నాడు. నువ్వూ అదే సెప్పావు గదరా," అంది అత్త.



"అల్లుడు ఇంజినీరు," అన్నాడు మావ. "దొంగొచ్చేలోగా తోవంతా ఊడ్సి పెట్టాడు."

అప్పుడే ఆటోలో శ్రీకాకుళం వెళ్లి బ్యాంకులో కార్డు ఆపించాం. డబ్బు ఎక్కడిదక్కడే ఉంది. నంబరు అడిగినవాడు ఎవడైనా సరే, బ్యాంకు పేరు చెప్పినా సరే, చెప్పొద్దని కౌంటరులో అమ్మాయి అత్తకి రెండుసార్లు చెప్పింది. ఎవరికీ చెప్పకండి అన్నాడంటే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయమంది. ఇంటికొచ్చి అట్టముక్క చింపేశాను. స్పీకరు నేనే ఆన్ చేశాను.

రాత్రి ఆ మెసేజ్ తెరిచి చూశాను. నంబరులో ఆరు అంకెలున్నాయి. నేను లాక్కునేసరికి అత్త నాలుగు చెప్పేసిందట.