దోన్ అనిసెతో ఇవ్వని నంబరు

చర్చిలో తప్ప ఎక్కడా టోపీ తీయని దోన్ అనిసెతో, షేలా పట్టణపు బడిలో కంప్యూటర్ గదికి పెద్దదిక్కు. యంత్రాలకు చిరునామా నంబర్లు పంచే పెట్టెను రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి, మీట నొక్కేవాడు. "ఇరవై రెండేళ్లుగా పంచుతున్నా. నేను లేకపోతే ఇవన్నీ ఒకే నంబరు కోసం జుట్లు పట్టుకుంటాయి" అనేవాడు.

సరిగ్గా పరీక్ష నాడే పెట్టె కాలిపోయింది. నంబర్లు లేకుండా, మూలనున్న యంత్రంలోని ప్రశ్నపత్రం ముప్పై మంది పిల్లల యంత్రాలకు ఎలా చేరుతుంది?

"ఆ మొహమేంటి దోన్ అనిసెతో? పేపర్లు వచ్చేశాయి, చూడండి!" అంది పంతులమ్మ నినెత్.

"నంబర్లు ఎవరిచ్చారమ్మా?"

"ఎవరూ ఇవ్వలేదు. ఈ నంబరు ఎవరిదైనా ఉందా అని యంత్రాలే ఒకదాన్నొకటి అడిగి, జవాబు రాకపోతే తీసేసుకున్నాయి."

"కొట్టుకోలేదూ?"

"మీరు పెంచినవేగా, ఎందుకు కొట్టుకుంటాయి?"

ఆయన వంగి, తెర మీద తానెన్నడూ ఇవ్వని ఆ అంకెలను వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా టోపీ తీసి, ఆ యంత్రాల ముందు కొత్తవాళ్ల ఎదుట నిలబడ్డట్టు నిలబడిపోయాడు.