కండక్టరమ్మ నీళ్ల సీసా

పొద్దున్నే ఆరేళ్ల కూతురు నింపి ఇచ్చిన నీళ్ల సీసాను కండక్టరమ్మ సంచిలో పెట్టుకుని డ్యూటీకి పోతుంది. సాయంత్రం ఖాళీ సీసాతో ఇంటికొస్తుంది. "మా అమ్మ నీళ్లు బాగా తాగుతుంది" అని ఆ పిల్ల నానమ్మకి గొప్పలు చెప్పుకుంటుంది. అందులో ఒక్క చుక్క కూడా వాళ్లమ్మ గొంతు దిగడం లేదని దానికేం తెలుసు!

తాగేది డ్రైవరు. ఆయనకి బీపీ. మాత్రలు జేబులో ఉంటాయి గానీ నీళ్లు మాత్రం ఏనాడూ తెచ్చుకోడు. "నాకోసం మోసుకొస్తావు, చల్లగా ఉండు తల్లీ" అని దీవించి మరీ గటగటా తాగేస్తాడు. మంచివాడే, కాదనను. ఇన్నేళ్లుగా పక్కనున్న మనిషి నీళ్లు ఎందుకు ముట్టదో ఆ మంచివాడికి తోచలేదే, అదీ నా మంట.

తాగితే ఎక్కడికి పోవాలి మరి? ఆఖరి స్టాపులో ఒక రేకుల షెడ్డు, ఒక టీకొట్టు, ఒక మొండిగోడ. అంతే. బస్సు ఆగీ ఆగగానే డ్రైవరు గోడ చాటుకి వెళ్లి తేలిగ్గా వచ్చేస్తాడు. ఆవిడ కాళ్లు దగ్గరికి ముడుచుకుని సీట్లోనే కూర్చుంటుంది. ఒకసారి ఆగలేక, దారిలో పెట్రోలు బంకు దగ్గర బస్సు కాసేపు ఆపమంది. ముందు సీట్లో రోజూ కూర్చునే కళ్లజోడాయన "అవన్నీ ఇంట్లో చూసుకుని రావాలమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తుంది.

ఈమధ్య మూత్రం పోసేటప్పుడు మంట మొదలైంది. ఆపైన నడుములో పోటు, పొద్దు వాలేసరికి చలిజ్వరం. అంతకుముందు ఈ రూట్లో చేసినావిడకీ ఇలాగే మొదలై, కిడ్నీలు పాడై, ఉద్యోగం మానుకుంది. ఇక్కడ చూస్తే మొగుడు పనిచేసే మిల్లు మూతపడింది. తను మంచానపడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? ఆ భయంతో ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

డిపోకి డాక్టరు వచ్చాడు. డ్రైవర్లందరికీ బీపీ చూశాడు, గుండె పరీక్ష చేశాడు, "స్టీరింగు పట్టేవాళ్లు, ఒత్తిడి ఉంటుంది, జాగ్రత్త" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ కూడా తన బాధ చెప్పుకుంది.

"ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?"

"లేవండీ. మంట..."

"ఆడవాళ్లకి మామూలే. నీళ్లు బాగా తాగండి."

వెనకే నిలబడ్డ డ్రైవరు ఊరుకోలేదు. "తాగుతుంది సార్! రోజూ నిండు సీసా తెస్తుంది..." అని, చటుక్కున ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. ఆ సీసా ఎవరు ఖాళీ చేస్తున్నారో ఇప్పటికి తట్టింది మహానుభావుడికి.

మర్నాడు తన సీసా తనే తెచ్చుకున్నాడు. "నీది నువ్వే తాగు తల్లీ."

"తాగి ఎక్కడికి పోను అన్నా?"

ఆయన వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కిడ్నీలు గుర్తొచ్చి ఆవిడ, ఏమైతే అయిందని సగం సీసా తాగేసింది. సగం దూరం పోయారో లేదో, మొదలైంది. టిక్కెట్లు కొడుతూనే గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు బిగిస్తోంది. ఇంతమందిలో చీర తడిస్తే? రేపు ఈ బస్సెక్కి ఎవరి మొహం చూడగలదు? జనాన్ని తోసుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఇక నావల్ల కాదు."

పెట్రోలు బంకు ముందు బస్సు కీచుమంటూ ఆగింది. జనం గొల్లుమన్నారు. "మధ్యలో ఆపావేంటయ్యా? మాకు ఆఫీసులున్నాయి!" అని అందరికంటే ముందు లేచింది కళ్లజోడాయనే.

డ్రైవరు గుండె పట్టుకున్నాడు. "బీపీ సార్. కళ్లు తిరుగుతున్నాయి. మాత్ర వేసుకోవాలి."

బస్సంతా గప్‌చుప్. "అయ్యయ్యో, నిదానంగా కానీ బాబూ! ప్రాణం కంటే ఎక్కువా?" అన్నాడు అదే కళ్లజోడాయన. ఎవరో పేపరుతో విసురుతున్నారు. ఎవరో నీళ్లు అందిస్తున్నారు. ఆ సందట్లో కండక్టరమ్మ బంకులోకి పరుగెత్తడం ఎవరూ గమనించలేదు.

తిరిగొచ్చేసరికి ఒంట్లో ప్రాణం నిలబడింది గానీ, లోపల ఏదో భగ్గుమంది. తను నిజం చెబితే నవ్వారు, ఆయన అబద్ధం చెబితే విసురుతున్నారు.

"ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా, మగాళ్ల టెన్షన్లు మీకేం తెలుస్తాయి!" అన్నాడు కళ్లజోడాయన.

ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకోబోయి ఆగింది. నడుములో పోటు అలాగే ఉంది. ఇంకా తిరుగు ట్రిప్పు ఉంది, రేపుంది, ఎల్లుండి ఉంది. డ్రైవరు సీటు మీదికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది:

"అన్నా, రేపు కూడా నీకు బీపీ వస్తుందా?"